కందిరీగ సాక్ష్యం

ఆ పిల్లని అందరూ కందిరీగ అనేవాళ్ళు. పదిహేనేళ్ళది. ఎవరైనా ఒక మాటంటే నాలుగు అంటించి గానీ వదిలేది కాదు. అమ్మ పోయాక అక్క దగ్గరే ఉండేది. అక్కకి నోట్లో నాలుక లేదు. బావ ప్యాకింగ్ గోడౌన్లో లోడింగ్ పని చేసేవాడు. పనుంటే అక్కడ అరిచేవాడు, లేకపోతే ఇంట్లో అరిచేవాడు.

ఆ అరుపులు పడలేక ఒకరోజు బడి నుంచి ఇంటికి పోకుండా, లైబ్రరీ వెనకున్న రేకుల షెడ్డులో దూరింది. అక్కడ ఒక సేవాసంస్థ సాయంత్రం పూట పిల్లలకి వడ్రంగం నేర్పించేది. నేర్పేది ఒక ముసలి వడ్రంగి. ఆయన కుడిచేతి వేళ్ళు రెండు ఎప్పుడో రంపం మిషన్లో పోయాయి. పిల్లలు చాటుగా 'ఎనిమిది మాస్టారు' అనుకునేవాళ్ళు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "ఎనిమిదో ఎక్కం కావాలంటే నన్నడగండ్రా" అని నవ్వేవారు.

"ఏం కావాలే?" అన్నారు ఆ పిల్లని చూసి.

"ఏమొద్దు. ఊరికే కూర్చుంటా."

"ఊరికే కూర్చునేవాళ్ళకి ఇక్కడ చోటు లేదు. చీపురు తీసుకుని ఆ రంపంపొట్టు ఊడ్చు."

ఊడ్చింది. మూడోరోజు చెక్క నునుపుచేసే చిత్రిక పట్టుకుంది. ఆర్నెల్లు తిరిగేసరికి మేకుగానీ జిగురుగానీ లేకుండా ఒక స్టూలు బిగించింది. మాస్టారు దానిమీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూశారు.

"కిర్రుమనలేదే!" అన్నారు.

అంతే. ఆ ఒక్కమాటకి వారం రోజులు ఆ పిల్ల కాళ్ళు నేలమీద ఆనలేదు.

మరుసటేడు మాస్టారే ఒక దరఖాస్తు కాగితం తెచ్చారు. చెక్కపని నేర్పే ట్రైనింగ్ స్కూలు. రెండేళ్ళ కోర్సు, హాస్టలుంది. చేతిపని పరీక్ష ఒకటి పెడతారు, పని నేర్పినవాళ్ళు సంతకం చేసిన సర్టిఫికెట్ అడుగుతారు. అది మాస్టారు అప్పటికప్పుడే రాసి సంతకం పెట్టిచ్చారు. హాస్టల్ అన్న మాట విని కందిరీగ ఆ రెండు కాగితాల్నీ లెక్కల పుస్తకంలో దాచుకుంది. ఆదివారాలు కూడా సాధన చేసుకోమని మాస్టారు షెడ్డు తాళంచెవి చేతిలో పెట్టారు.

"ఇది రూలుకి విరుద్ధం. సంస్థ మేడమ్‌కి తెలిస్తే నన్ను నమిలేస్తుంది. పోగొట్టావో, చెవులు మెలిపెడతా."

ఆ తాళంచెవి బావ కంటపడింది.

"ఒక్క గంట ఇవ్వు. మన తలుపు ఊగుతోంది. ఉలి తెచ్చి సరిచేసి, మళ్ళీ అక్కడే పెట్టేస్తా" అన్నాడు ఆదివారం అన్నాలయ్యాక.

"తలుపు నేను సరిచేస్తాలే."

బావ మళ్ళీ అడగలేదు. అంట్లు తీస్తున్న అక్క జుట్టు పట్టుకుని, చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. అక్క చేతిలో గిన్నె అలాగే ఉంది. "ఇస్తావా?" అన్నాడు మరదలి వైపు చూస్తూ.

ఇచ్చేసింది. ఐదు గంటలకి తాళంచెవి తిరిగొచ్చింది. తలుపు మాత్రం ఊగుతూనే ఉంది.

సోమవారం షెడ్డు గోడలు బోసిగా ఉన్నాయి. చిత్రికలు, ఉలులు, రంపాలు, డ్రిల్లింగ్ మిషన్లు, ఏవీ లేవు. సంస్థ ఇన్‌ఛార్జి మేడమ్ వచ్చి తాళం తిప్పి తిప్పి చూసింది.

"తాళం పగల్లేదు. తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

కందిరీగ నోరు తెరిచేలోపే మాస్టారు, ఆ పిల్ల వైపు చూడకుండానే, "నా దగ్గరే ఉందండీ" అన్నారు.

గురువారం విచారణ పెట్టారు. బుధవారం సాయంత్రం బావ మరదల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టు చెప్పాడు. "ముసలాడు తాగుతాడని చెప్పు. వాడే అమ్ముకున్నాడనుకుంటారు. మన జోలికెవరూ రారు. లేదంటే మీ అక్క..." అని ఆపేశాడు. వంటింట్లో అక్క కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏమీ విననట్టు నిలబడింది.

లైబ్రరీలో పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మాస్టారు కిటికీ పక్కన. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచారు.

"నీకేమైనా తెలుసా?" అంది మేడమ్.

"అప్పుడప్పుడు వాసనొచ్చేదండీ" అంది కందిరీగ.

"ఏం వాసన?"

"మందు వాసన. మాస్టారు దగ్గర."

తర్వాత వచ్చిన నత్తి పిల్లాడిని కూడా అదే అడిగారు. "వ... వచ్చేదండీ. స్పి... స్పిరిట్‌ది. పాలిష్..." వాడు పూర్తి చేసేలోపే రాసుకునే ఆయన మొదటి మాట రాసుకుని కలం మూసేశాడు. మాస్టారు లేచి, కళ్ళజోడు తుడుచుకుని బయటికి నడిచారు.

ఆయన్ని తీసేశారు. సామాన్లూ లేక, నేర్పేవాళ్ళూ లేక షెడ్డు మూతబడింది. లైబ్రరీవాళ్ళు అందులో విరిగిన కుర్చీలు పడేశారు. సాయంత్రాలు పిల్లలకి పోవడానికి చోటు లేకపోయింది. అందరికంటే బాగా రంపం కోసే పొడుగోడు బళ్ళలో పెట్రోలు దొంగిలిస్తూ పట్టుబడ్డాడు. నత్తి పిల్లాడు చెక్కలు కొలుస్తూ అంకెలు గట్టిగా చెప్పీ చెప్పీ నత్తి కొంత తగ్గించుకున్నవాడు, మళ్ళీ నోరు మూసుకున్నాడు.

నాలుగు నెలల తర్వాత కందిరీగ దరఖాస్తు పట్టుకుని ట్రైనింగ్ స్కూలుకి వెళ్ళింది. గుమస్తా సర్టిఫికెట్ చూసి, ఎవరికో ఫోన్ చేసి, కాగితం వెనక్కి తోశాడు.

"ఈ సంతకం చెల్లదమ్మా. దొంగతనం చేశాడని తీసేసిన మనిషట కదా."

"మరి ఎవరి సంతకం కావాలండీ?"

"నీకు పని నేర్పినవాళ్ళది."

"నేర్పింది ఆయనేనండీ."

"అయితే కష్టం" అని వెనకున్న అబ్బాయిని పిలిచాడు.

అక్కణ్ణుంచి నేరుగా మాస్టారింటికి వెళ్ళింది. తలుపు ఆయనే తీశారు. బాగా చిక్కిపోయారు.

"ఎవరు కావాలండీ?"

"మాస్టారూ... నేను."

"చెప్పండి."

ఆ 'అండీ' విని ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. "సామాన్లు మా బావ తీసుకెళ్ళాడు. తాళంచెవి నేనే ఇచ్చాను. అక్క జుట్టు పట్టుకుని..."

"తెలుసండీ. సోమవారం మీ మొహం చూసినప్పుడే అర్థమైంది. అందుకే నా దగ్గరుందన్నాను."

"ఇప్పుడే పోయి మేడమ్‌కి చెప్పేస్తాను, మాస్టారూ."

"మీ ఇష్టం. తాళంచెవి భయపడి ఇచ్చారు. నేను తాగుతానన్న మాట కూడా భయంతోనే అన్నారనుకుందాం." ఆయన గొంతు పెంచలేదు. "ఆ తర్వాత నాలుగు నెలలున్నాయి కదండీ. సంతకం చెల్లదన్నాకే ఈ ఇంటి దారి తెలిసిందా?"

ఆ పిల్ల చేతిలో కాగితం కనిపిస్తూనే ఉంది. దాచుకోవడానికి ఆలస్యమైంది. ఆయన మెల్లగా తలుపేసుకున్నారు.

అయినా మేడమ్ దగ్గరికి వెళ్ళింది. అంతా చెప్పింది. మేడమ్ చివరిదాకా విని, బల్లమీద కాగితాలు సర్దుకుంటూ అంది: "ఫైలు మూసేశాం. ఇప్పుడు తవ్వితే సంస్థకి చెడ్డపేరు. నీకూ మంచిది కాదు. ఆయనకి మాత్రం ఈ వయసులో ఈ గొడవ ఎందుకు? వెళ్ళమ్మా."

మరుసటి సోమవారం బావ ఆ పిల్లని గోడౌన్లో చేర్చాడు. చెక్కపెట్టెలకి మూతలు కొట్టే పని. మధ్యాహ్నానికల్లా పాతవాళ్ళని దాటేసింది. సూపర్‌వైజర్ పక్కకొచ్చి నిలబడి చూశాడు.

"చెయ్యి బాగా తిరిగిందే! ఎవరు నేర్పారు?"

నాలుగడుగుల దూరంలో, లారీకి ఆనుకుని, బావ వింటున్నాడు.

"ఎవరూ నేర్పలేదండీ" అని, ఆ పిల్ల ఇంకో మూత అందుకుంది.