రాజనర్సుకు ఫోన్

రాజనర్సు ఫోన్ తుడుస్తున్నాడు. ముందు తీగ, తర్వాత అంకెల చక్రం, చివరికి మాట్లాడే చోట ఉన్న చిల్లులు. ఒక కన్ను మూసి ఆ చిల్లుల్లోకి చూడటం కూడా ఆ పనిలో భాగమే. లోపల ఏమీ కనిపించదు. అయినా రోజూ చూస్తాడు. ఆబిడ్స్‌లో శ్యామ్‌సుందర్ చీరల దుకాణానికి అందరూ పట్టుచీరల కోసం వస్తే, అక్కడే నౌకరీ చేసే ఈ పెద్దమనిషి మనసు మాత్రం ఆ నల్లటి వస్తువు మీదే.

వెనక గల్లీలో ఎవరికి ఫోన్ రావాలన్నా ఆ దుకాణానికే వచ్చేది. గొడుగు తీసుకుని వెళ్లి వాళ్లను పిలుచుకు రావడం అతని పని. ఎండైనా వానైనా గొడుగు వాళ్లకే పట్టేవాడు. వాళ్లు మాట్లాడుతుంటే మొహాలు చూస్తూ నిలబడేవాడు. మామగారి గొంతు వినగానే కోడళ్లు కొంగు నిండుగా కప్పుకునేవారు. గుమాస్తాలు కనపడని ఆఫీసరుకు వంగి దండం పెట్టేవారు. ఎదుట ఎవరూ లేకుండానే మనిషి ఇంతగా ఎలా మారిపోతాడో అతనికి అంతుపట్టేది కాదు. తనకు ఒక్కసారైనా ఫోన్ వస్తే తెలిసేదేమో. చేసేవాళ్లెవరూ లేరు, భార్య పోయి చాలా కాలమైంది.

చెడు కబురైతే గుమ్మంలో చెప్పేవాడు కాడు. "జర మంచినీళ్లు తాగి రాండి" అనేవాడు. గొడుగు కింద నెమ్మదిగా నడిపిస్తూ, ఒంట్లో బాగాలేదట అని మొదలుపెట్టి, గల్లీ మలుపు దాటాక అసలు మాట చెప్పేవాడు. ఆ గల్లీలోని పెద్దావిడ వెంకటరత్నమ్మకు, ఆమె అన్నగారు పోయినప్పుడూ అలాగే చెప్పాడు.

ఇప్పుడు ఇళ్లలోకే ఫోన్లు వచ్చేస్తున్నాయి. ఫోన్ పక్కన మేకుకు తగిలించిన గొడుగు కిందికి దిగడం లేదు.

ఆ మధ్యాహ్నం చీర ఇచ్చి రావడానికి వెంకటరత్నమ్మ ఇంటికే వెళ్లాడు. ఏలూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. బెజవాడలో ఉన్న కూతురి ఫోన్ కోసం ఏళ్ల తరబడి అతని గొడుగు కింద నడిచింది. ఆమె ఇంట్లోనూ నిన్ననే ఫోన్ పెట్టారు. అతను ఆయాసం తీర్చుకుంటూ గుమ్మంలో నిలబడి ఉండగానే అది మోగింది. ఆవిడ గబగబా జుట్టు సర్దుకుని, చెప్పులేసుకుని వీధిలోకి వచ్చేసింది.

"పద నర్సూ, అమ్మాయి ఆగదు."

"అమ్మా, ఫోన్ లోపలున్నది."

ఇద్దరికీ నవ్వాగలేదు. ఈలోగా మోతే ఆగిపోయింది.

"మళ్లీ చేస్తుందిలే. అవునుగానీ, నీకెప్పుడైనా ఫోనొచ్చిందా?"

"నాకెవరు చేస్తరమ్మా."

"సాయంత్రం నేను చేస్తాను. ఎక్కడికీ పోకు."

ఇక అతనికి కాలు నిలవలేదు. మొహం కడుక్కున్నాడు. చొక్కా గుండీలు గొంతుదాకా పెట్టుకున్నాడు. పెద్దావిడ మరిచిపోతే? గుర్తుచేయడానికి తనెవరు? దీపాలు పెట్టే వేళకు ఫోన్ మోగింది. దుకాణం యజమాని శ్యామ్‌సుందర్ ఎత్తి, విని, ఆశ్చర్యంగా అతని వైపు చూశాడు.

"నర్సూ, నీకేనట."

రాజనర్సు చెప్పులు విడిచి, రెండు చేతులతో అందుకున్నాడు.

"అన్నం తిన్నావా నర్సూ?"

"ఇంకా లేదమ్మా. మీరు?"

"తినాలి."

ఇంకేం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. కానీ చెవిలో ఒక మనిషి ఊపిరి వినిపిస్తోంది, తన కోసమే. గల్లీ అవతలి గొంతు పక్కన కూర్చున్నంత దగ్గరగా ఉంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు. కళ్లు చెమర్చాయి. "పెట్టేయమంటరా అమ్మా?" అని అడిగి మరీ పెట్టాడు. నాంపల్లి స్టేషన్ వెనక ఉన్న తన గది దాకా నవ్వుకుంటూనే నడిచాడు.

తెల్లారి పనికి రాలేదు. పక్కగదిలో ఉండే కిషన్ వచ్చాడు.

"నిద్రలనే పోయిండు సేఠ్. మొహం మీద నవ్వు గట్లనే ఉన్నది."

శ్యామ్‌సుందర్ వెంకటరత్నమ్మకు చెబుదామని ఫోన్ ఎత్తి అంకెలు తిప్పాడు. అవతల మోగుతోంది. ఆమె ఎత్తేలోగా పెట్టేసి, ఎండలో గల్లీలోకి నడిచాడు.

వెంకటరత్నమ్మ ఫోన్ పక్కనే కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది.

"అమ్మా," అన్నాడు శ్యామ్‌సుందర్, "జర మంచినీళ్లు తాగి రాండి."

ఆమె అతని మొహం చూసింది. ఆ మాట ఎవరిదో ఆమెకు తెలుసు. నీళ్లు తాగకుండానే చెప్పులేసుకుంది.

మలుపు దాకా ఇద్దరూ ఎండలోనే నడిచారు. దుకాణంలో, ఫోన్ పక్కన మేకుకు, గొడుగు వేలాడుతూ ఉంది.