రామచంద్రరావుగారి ఒరిజినల్ ట్యాంకు

రామచంద్రరావుగారికి లోకంలో ఎవరిమీదా నమ్మకం లేదు. మెకానిక్కుల మీద అసలే లేదు. ఉప్పల్లో తన అపార్ట్‌మెంటు సెల్లారులో పదకొండేళ్లు గుడ్డ కప్పి ఉంచిన పాత ఫియట్ కారుకు ఇప్పుడు ప్రాణం పొయ్యాలని బుద్ధి పుట్టి, దాని పెట్రోలు ట్యాంకును ఆటోలో వేసుకుని మల్లాపూర్‌లో మహిపాల్ షెడ్డు ముందు దిగాడు. దిగుతూనే అన్న మొదటి మాట, "దీన్ని మార్చేస్తే నాకు తెలిసిపోతుంది."

పాత కార్ల ట్యాంకులు కడిగి, తుప్పు వదిలించి, చిల్లులు అతకడం ఇరవై ఏళ్లుగా మహిపాల్ పని. 'నీ తుప్పు డబ్బా ఎవనికి గావాలె' అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు. మింగినందుకు తర్వాత తనను తానే తిట్టుకున్నాడు.

మూత తీస్తే మురిగిన పెట్రోలు వాసన గుప్పుమంది. ఊపితే లోపల తుప్పు పెచ్చులు గలగలలాడాయి. అడుగున వేలితో తట్టి చూసి మహిపాల్ చెప్పాల్సింది చెప్పాడు.

"అడుగు రేకు మొత్తం పల్చగైంది సార్. కొత్త రేకుతోని ట్యాంకు చేపిచ్చుకో, నిమ్మళంగుంటవ్."

"కొత్తది నాకు అంటగట్టి, ఒరిజినల్ నువ్వు అమ్ముకుంటావా? ఇలాంటివి చాలా చూశాను. ఇదే బాగుచెయ్యి."

సరేనన్నాడు మహిపాల్. రెండు రోజులు రామచంద్రరావు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని షెడ్డులోనే కూర్చున్నాడు. మహిపాల్ సోడా వేసిన వేడినీళ్లతో ట్యాంకు కడిగితే, "ఇంతసేపా?" అన్నాడు. లోపల కంకర పోసి, భుజాలు పడిపోయేట్టు ఊపితే, "సొట్టలు పెట్టకు" అన్నాడు. చింతపండు పులుసు పోసి తుప్పు నాననిస్తే, "ఇదేమన్నా ఇత్తడి బిందె అనుకున్నావా?" అని వెక్కిరించాడు. ఆవిరి పూర్తిగా పోవడానికి గొంతుదాకా నీళ్లు నింపి పెడితే, అదంతా కాలయాపన అని తేల్చేశాడు. పెట్రోలు ఆవిరి కొంచెం మిగిలినా అతకడానికి మంట పెట్టగానే మనిషీ షెడ్డూ కలిసి లేచిపోతాయని ఆ పెద్దమనిషికి ఎవరు చెప్పాలి? మహిపాల్ పళ్లు నూరుకుంటూ పని చేశాడు.

మూడోరోజు నాచారంలో ఏదో పెళ్లి ఉండి ఆయన రాలేదు. ఆ రోజే మహిపాల్ చిల్లులన్నీ ఇత్తడి పోతతో అతికి, పైన నల్లరంగు వేశాడు. నాలుగోరోజు ఆయన కళ్లముందే నీళ్లు నింపి, కింద పేపర్లు పరిచి, గంటసేపు ఉంచాడు. పేపరు తడవలేదు.

"అడుగు జర పైలం సార్. దెబ్బ తగలనియ్యకు."

రామచంద్రరావు బాగుందనలేదు. "ఇంత శుభ్రంగా ఎలా వచ్చిందబ్బా!" అని మాత్రం అన్నాడు, అనుమానంగా. "బిగించడం నాచారంలో చేయించుకుంటాను. నీ చేతికి కారు ఇవ్వను" అని ఆటో ఎక్కాడు. పీడ వదిలిందనుకున్నాడు మహిపాల్.

వదల్లేదు. వారం తిరక్కుండానే ఒకరోజు పొద్దున ఇద్దరు మనుషులొచ్చి, బాగుకు ఇచ్చిన తమ ట్యాంకులు అలాగే తీసుకుపోయారు. ఎందుకన్నా అనడిగితే రెండోవాడు ఫోన్ చూపించాడు. నగరంలో పాతకార్లు ఉన్నవాళ్లందరి వాట్సాప్ గ్రూపు అది. అందులో రామచంద్రరావు రాసిన మాటలు: 'మల్లాపూర్ మహిపాల్ దొంగ. నేను లేని రోజు చూసి నా ఒరిజినల్ ట్యాంకు మార్చేసి ఓటిది అంటగట్టాడు. పెట్రోలంతా కారిపోతోంది. జాగ్రత్త.'

మహిపాల్‌కు వచ్చే పనంతా ఆ గ్రూపు నుంచే. వాళ్లు రాకపోతే షెడ్డుకు తాళమే. దానికన్నా ఆ 'దొంగ' అన్న మాట గుండెలో కాలింది. బండి తీసి నేరుగా ఉప్పల్ వెళ్లాడు.

సెల్లారులో కారు కింద బకెట్టు పెట్టి ఉంది. పక్కన రామచంద్రరావు, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఆయన భార్య కమలకుమారి.

"సిగ్గులేకుండా వచ్చావా?" అన్నాడాయన.

మహిపాల్ వెల్లకిలా కారు కిందికి దూరి, టార్చి వేశాడు. అతికిన చోట ఒక్క చుక్క లేదు. ఆ పక్కన, అంతకుముందు చిల్లు లేని రేకు మీద, వరసగా సన్నసన్న చుక్కల్లోంచి పెట్రోలు ఊరుతోంది. చుక్కలు కలుపుకుంటూ చదివాడు. పేరు, ఇంటిపేరుతో సహా.

బయటికొచ్చి అడిగాడు. "సార్, ట్యాంకు మీద నీ పేరెవరు రాసిన్రు?"

కమలకుమారి ఉండబట్టలేక అనేసింది. "స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కుతారు చూడు, ఆ కొట్టుకు పట్టుకెళ్లారు. నాచారం వాళ్లు బిగించేటప్పుడు మార్చేస్తారేమోనని. నేను వద్దన్నాను బాబూ."

"నువ్వు పైకి పో!" అని అరిచాడు రామచంద్రరావు. ఆమె కదల్లేదు.

"మిషన్ సూదితోని పల్చటి రేకును పొడిపిచ్చినవ్. పొడిపిచ్చి నన్ను దొంగనన్నవ్. ఇప్పుడే గ్రూపుల నిజం రాయి."

"నేను రాయను. నువ్వు సరిగ్గా చేసుంటే, పేరు రాసినంత మాత్రాన చిల్లులు పడతాయా?"

అంతలో మహిపాల్ ఫోన్ మోగింది. శశిధర్. పోచారంలో కంప్యూటర్ ఉద్యోగం, ఆ గ్రూపులోనే ఉంటాడు. అతని ట్యాంకు కూడా షెడ్డులోనే ఉంది. "మహిపాలన్నా, ట్యాంకు తీసుకపోనీకి మనిషిని పంపిస్తున్న" అన్నాడు ముభావంగా. మహిపాల్ ఫోన్ స్పీకర్లో పెట్టి రామచంద్రరావు చేతిలో పెట్టాడు.

"నువ్వే చెప్పు సార్."

"హలో? హలో?" అంటోంది ఫోన్. రామచంద్రరావు దానివైపు చూసి, నింపాదిగా కాల్ కట్ చేశాడు.

కొట్టాలన్నంత కోపం వచ్చింది మహిపాల్‌కు. ఫోన్ లాక్కుని శశిధర్‌కు మళ్లీ చేశాడు. "సార్, రామచంద్రరావు సారు సెల్లార్ల ఉన్న. ఒక్కసారొచ్చి నీ కండ్లతోని సూడు. సూసినంక నీ ఇష్టం." తర్వాత రామచంద్రరావు వైపు తిరిగాడు. "నేనీడుంటే నేనే ఏదో చేసిన్నంటవ్. గేటు కాడ నిలబడ్త."

ముప్పావుగంట ఎండలో నిలబడ్డాడు. వాచ్‌మన్ మంచినీళ్లిస్తే తాగలేదు. శశిధర్ ముఖం గంటుపెట్టుకునే కారు దిగాడు. ఇద్దరూ సెల్లారులోకి వెళ్లారు.

ఫియట్ కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి. ఇస్త్రీ ప్యాంటు, చెప్పులు లేవు. కమలకుమారి గోడకానుకుని, ఇక తనవల్ల కాదన్నట్టు చూస్తోంది. శశిధర్ వంగి ఫోన్ లైటు వేశాడు.

వెల్లకిలా పడుకుని ఉన్నాడు రామచంద్రరావు. చేతిలో తెల్లటి ఒంటిసబ్బు. కారే ట్యాంకుకు సబ్బు రుద్దితే చిల్లులు మూసుకుపోతాయని కార్లున్న వాళ్లందరికీ తెలుసు. ఆయన చిల్లులూ మూద్దామనుకున్నాడు, పేరూ మూద్దామనుకున్నాడు. రుద్ది, పైన గుడ్డతో తుడిచాడు. సబ్బు చుక్కల్లో కూరుకుని, నల్లరంగు మీద అక్షరాలు పలక మీద సుద్దముక్కతో రాసినట్టు తేలాయి.

శశిధర్ పైకే చదివాడు. "కొల్లూరి రామచంద్రరావు, ఉప్పల్." చదివి, లైటు ఆ ముఖం మీదికి తిప్పాడు. రామచంద్రరావు కళ్లు మూసుకున్నాడు.

"ఒరిజినలే కద సార్ ఇది?" అన్నాడు శశిధర్. ఫొటో తీశాడు. అక్కడే నిలబడి గ్రూపులో పెట్టాడు. "నా ట్యాంకు నీ దగ్గరనే ఉండనీ అన్నా" అని మహిపాల్ భుజం మీద చెయ్యి వేశాడు.

మహిపాల్ తలూపాడు. వారం నుంచి మింగిన మాటలన్నీ గొంతులోనే ఉన్నాయి, కోపం రవ్వంత కూడా తగ్గలేదు. తిరిగి మెట్లవైపు నడవబోతుంటే కారు కింద నుంచి సన్నగా గొంతు వినిపించింది.

"మహిపాల్‌గారూ, ఇది మళ్లీ అతుకుతుందాండీ?"

"అతుకుతది సార్" అన్నాడు మహిపాల్. "నేనైతే అతక."