పదో నంబరు పానా

"పంకాల విమానం. కుడివైపు ఇంజనుకి కాస్త నలతగా ఉంది" అన్నాడు కెప్టెన్, కారు కింద నుంచి బయటికి రాకుండానే. పైన విమానం మోతకి షెడ్డు రేకులు వణికాయి. డోరు సొట్ట తీస్తున్న పెయింటరు తలెత్తి చూశాడు. పంకాలైతే ఉన్నాయి, నలత సంగతి అడగడానికి పైలటు దొరకడు కదా.

పేరుకే కెప్టెన్. విమానాలు బాగుచేసే చోట పనిముట్ల గదిలో పదకొండేళ్లు పనిచేసి, ఆ కంపెనీ మూతపడ్డాక ఈ కార్ల షెడ్డుకొచ్చాడు. వచ్చి ఇరవై రెండేళ్లు. విమానం కడుపులో చెయ్యి పెట్టాడు గానీ సీట్లో ఒక్కసారీ కూర్చోలేదు. గోళ్ల సందుల్లో ఏ సబ్బుకూ లొంగని గ్రీజు. ఎప్పుడో ఫ్యాను బెల్టులో నలిగి చప్పిడిగా అయిపోయిన ఎడమ బొటనవేలు.

అభిప్రాయాలకు మాత్రం లోటు లేదు. "ఏసీ తగ్గించాలంటే తెర మీద నాలుగు చోట్ల పొడవాలట! చెవి మెలేసినట్టు మెలేసే బొత్తాం ఏం పాపం చేసింది?" స్టెప్నీ లేకుండా వస్తున్న కొత్త కార్లను చూస్తే ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. "టైరు పోతే ఫోన్ చెయ్యమంటారు. చక్రానికి ఫోన్ బిగిస్తే దొర్లుతుందా బండి?" విమానాల్లో సీట్ల మధ్య జాగా తగ్గించినవాళ్లని ఆ సీట్లలోనే కట్టి కూర్చోబెట్టాలనేవాడు. "నువ్వెప్పుడైనా ఎక్కావా?" అని పెయింటరు అడిగితే, "ఎక్కక్కర్లేదు, నా మోకాళ్లకి కొలతలు తెలుసు" అనేవాడు.

గోడకున్న చెక్క పలక అతని చేతిపనే. దాని మీద ప్రతి పానా, ప్రతి పట్టకారు ఆకారం నల్లరంగుతో గీశాడు. పనిముట్టు తీసినవాడు, అది వేలాడే మేకుకి తన పేరు చెక్కిన ఇత్తడి బిళ్ల తగిలించాలి. తిరిగి పెట్టాక బిళ్ల తీసుకోవాలి. ఒక్క బొమ్మ ఖాళీగా ఉన్నా బండి షెడ్డు దాటకూడదు. విమానాల దగ్గర నేర్చిన ఈ పద్ధతికి పెద్ద ఓనరు మురిసిపోయేవాడు. ఆయన మంచం పట్టాక అల్లుడు కుర్చీ ఎక్కాడు. అల్లుడికీ ఒక బిళ్ల చేసిచ్చాడు కెప్టెన్. "ఓనరుకి బిళ్లేంటయ్యా!" అని నవ్వి సొరుగులో పడేశాడతను.

ఆ మధ్యాహ్నం తెల్ల కారు పని పూర్తయింది. బానెట్ దించబోతూ కెప్టెన్ పలక వైపు చూశాడు. పదో నంబరు పానా లేదు. మేకుకి ఎవరి బిళ్లా లేదు. కారు ఆసామి తాళాల కోసం చెయ్యి చాపితే, తాళాలు జేబులో వేసుకున్నాడు.

"పానా దొరికేదాకా బండి కదలదండి."

బ్యాటరీ పక్కన వెతికాడు. ఇంజను కింది రేకు విప్పి, వెల్లకిలా పడుకుని, టార్చి వేసి వెతికాడు. గంట గడిచింది. బడి దగ్గర పాప ఎదురుచూస్తోందని ఆసామి అరిచాడు. అల్లుడు బయటికొచ్చాడు.

"ఒక్క పానాకి ఇంత రాద్ధాంతమా? కొత్తది కొనిపడేస్తాను."

"పానా పోయిందని కాదు బాబూ. అది ఫ్యాను దగ్గర పడుంటే? దారిలో బెల్టు తెగితే?"

"ఇది విమానం కాదు, కారు."

కెప్టెన్ ముఖం జేవురించింది. "కార్లో కూర్చునేది మనుషులు కాదా? పైనుంచి పడితేనే పోతుందా ప్రాణం?"

"తాళాలిచ్చెయ్. రేపట్నుంచి రావక్కర్లేదు."

ఇరవై రెండేళ్లు ఒక్క ముక్కలో తేలిపోయాయి. నలుగురున్న షెడ్డులో ఒక్క నోరు లేవలేదు. రోజూ అతని మాటలకు పగలబడి నవ్వే పెయింటరు కూడా సొట్ట మీదికే వంగాడు. సిగ్గుచేటు!

కెప్టెన్ తాళాలిచ్చాడు. "మెల్లగా పోనివ్వండి. చిన్న చప్పుడైనా ఆపెయ్యండి" అని ఆసామికి రెండుసార్లు చెప్పాడు. చేతులు కడుక్కున్నాడు. మిగతా పనిముట్లన్నీ తుడిచి వాటి బొమ్మల్లో పెట్టాడు. తన బిళ్ల తీసి ఖాళీగా ఉన్న మేకుకి తగిలించాడు. పోయిన పనిముట్టుకి ఎవరో ఒకరు పూచీ ఉండాలి కదా. క్యారేజీ పట్టుకుని బయటికి నడిచాడు. నెత్తి మీదుగా విమానం వెళ్తుంటే ఏమీ అనలేదు.

సాయంత్రం అల్లుడు కుర్చీలో వెనక్కి వాలగానే కాలికి ఇనుపముక్క తగిలింది. పదో నంబరు పానా. పొద్దున కుర్చీ ఊగుతోందని, అడక్కుండా పలక మీంచి తీసి బోల్టు బిగించుకున్నది తనే. ఫోన్ తీశాడు. కెప్టెన్ నంబరు దాకా వెళ్లాడు. మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. అందరూ వెళ్లేదాకా ఆగి, పానాని దాని మేకుకి తగిలించి వచ్చాడు.

మర్నాడు పెయింటరు దాన్ని చూశాడు. అందరూ చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు. అన్న మాట ప్రకారం అల్లుడు కొత్త పానా కొన్నాడు. ఇప్పుడు పనిముట్లన్నీ రేకు డబ్బాలో కుప్పగా పడుంటాయి, బళ్లు చకచకా వెళ్లిపోతుంటాయి. పలక మీద నల్లబొమ్మలన్నీ ఖాళీ. పాత పదో నంబరు పానా ఒక్కటే తన బొమ్మలో ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాదు. దాని వెనక, అదే మేకుకి, కెప్టెన్ ఇత్తడి బిళ్ల ఇంకా వేలాడుతోంది.