ఇంటి ముందు గుంత

మా ఇంటికీ బడికీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డే. మామయ్యగారు ఈ ఇల్లు కొన్నప్పుడు అదృష్టమంటే మాదే అనుకున్నాం. ఇప్పుడు ఆ ఒక్క రోడ్డే నా ప్రాణం తోడేస్తోంది. నేను ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. మూడో తరగతి చదివే మా చిన్నది ఇంటికొచ్చే వేళకి చేతులు గుడ్డ మీద ఉన్నా, కళ్ళు మాత్రం కిటికీలోంచి రోడ్డు మీదే ఉంటాయి. ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంటే, నేనేమన్నా చిన్నపిల్లనా అని విడిపించుకుని పరిగెడుతుంది.

ఆమధ్య ఓ స్కూటరు రాసుకుపోయి దాని మోచెయ్యి చెక్కుకుపోయింది. అప్పటినుంచి స్పీడ్ బ్రేకర్ వెయ్యమని మునిసిపాలిటీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. చివరికి వాళ్ళు కరుణించారు. స్పీడ్ బ్రేకర్ వెయ్యలేదు, మీటింగు పెట్టారు. ముందు వీధివాళ్ళ అభిప్రాయాలు సేకరించాలట.

మీటింగు బడిలోనే. పిల్లల బెంచీల్లో ఇరుక్కుని, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా కూర్చున్నాం. ఇంజనీరు బోర్డు మీద రోడ్డు బొమ్మ గీసి పిల్లల ప్రాణాల గురించి చెబుతుంటే అందరూ తలలూపారు. స్పీడ్ బ్రేకర్ పడాల్సిందే అన్నారు. మరి ఎక్కడ అనేసరికి గొంతులు మారిపోయాయి. మందులషాపాయన తన షాపు ముందు వద్దన్నాడు, బేరాలు పోతాయట. మేడింటావిడ తన గేటు ముందు వద్దంది, రాత్రంతా హారన్ల మోతేనట. ట్యూషన్ మాస్టారైతే ఏకంగా పక్క వీధిలో వెయ్యమన్నాడు. అక్కడ బడి లేదు కదండీ అని నేనంటే, అందుకే ఎవరికీ ఇబ్బంది ఉండదన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంజనీరు విసిగిపోయి, బడి గేటుకి ఎదురుగా చాక్‌పీసు ఆనించి, అసలు పడాల్సింది ఇక్కడేనన్నాడు. అది మా ఇల్లు. ఇంటి యజమాని ఒప్పుకుని సంతకం పెడితే చాలట. హమ్మయ్య అనుకున్నాను. ఇల్లు మామయ్యగారి పేరనే ఉంది. ఆయనకి మనవరాలంటే పంచప్రాణాలు.

మామయ్యగారు బెంచీలోంచి నడుం పట్టుకుని లేచారు.

"నా జీవితమంతా బస్సు తోలడంతోనే సరిపోయింది. కుదుపులకి నడుం పోయింది. ఇప్పుడు వరండాలో ప్రశాంతంగా కూర్చుందామంటే ఇంటి ముందు లారీలు ఎగిరెగిరి పడాలా? నేను సంతకం పెట్టను."

పెద్దాయన బాగా చెప్పారని అందరూ చప్పట్లు కొట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. సొంత ఇంట్లోనే దిక్కులేనప్పుడు పరాయివాళ్ళని ఏమనగలను?

ఉత్త చేతులతో పోవడం బాగోదనుకున్నాడేమో, వీధికి ఇంకేమన్నా కావాలా అని అడిగాడు ఇంజనీరు. అందరూ ఒక్క గొంతుతో గుంత పూడ్చమన్నారు. మా ఇంటి ముందు రోడ్డుకి అడ్డంగా ఏళ్ళ తరబడి ఓ గుంత ఉంది. నేనూ వాళ్ళతోపాటు చెయ్యెత్తాను, బుద్ధి లేక. మర్నాడు పొద్దున్నే తారు బండి వచ్చింది, మధ్యాహ్నానికల్లా రోడ్డు నున్నగా తయారైంది. వీధంతా బయటికొచ్చి చూసి మురిసిపోయింది.

ఆ సాయంత్రమే తెలిసొచ్చింది. ఇన్నాళ్ళూ మా వీధిలో బళ్ళు కాస్తో కూస్తో నెమ్మదించాయంటే అది ఆ గుంత చలవే. బడి వదిలారు, చిన్నది గేటు దాటి రోడ్డు మీద కాలు పెట్టింది, ఓ కారు దూసుకొచ్చి కీచుమంటూ ఆగింది. బ్యాగు ఒకవైపు, నీళ్ళ సీసా ఒకవైపు పడ్డాయి. మిషను దగ్గర్నుంచి ఎలా లేచానో, ఎలా పరిగెత్తానో నాకే తెలీదు. దెబ్బేం తగల్లేదు. కారుకి జానెడు దూరంలో బిక్కచచ్చిపోయి నిలబడి ఉంది నా పిల్ల. కారాయన దిగి, పిల్లల్ని కనిపెట్టుకోవద్దా అని ఎదురు నన్నే తిట్టాడు. మామయ్యగారు వరండాలో కుర్చీ పట్టుకుని నిలబడిపోయారు. రాత్రి ఆయన ముందు కంచం పెట్టేసి వంటింట్లోకి వచ్చేశాను. నోరు తెరిస్తే ఏమనేస్తానో అని నా భయం.

తెల్లారాక టంగు టంగుమని చప్పుడైతే బయటికొచ్చాను. తలకి తువ్వాలు చుట్టుకుని, మామయ్యగారు గడ్డపారతో కొత్త తారు పెకలిస్తున్నారు.

"ఏంటి మామయ్యా ఇది?"

ఆయన తలెత్తలేదు. "ఇన్నాళ్ళూ నా మనవరాల్ని కాచింది ఈ గుంతేనమ్మా. నేను కాదు."

నా కోపం పూర్తిగా పోలేదు. అయినా ఆయన నడుం చూస్తూ ఊరుకోలేక గడ్డపార అందుకున్నాను. వచ్చేపోయే బళ్ళని ఆయన చేత్తో ఆపుతుంటే నేను తవ్వాను. మేడింటావిడ ఫోన్ చేసినట్టుంది, కాసేపటికే ఇంజనీరు ఊడిపడ్డాడు. రోడ్డు పాడు చేస్తే కేసవుతుందని గదమాయించాడు.

"పెట్టుకోండి బాబూ," అన్నారు మామయ్యగారు. "ముందు ఆ స్పీడ్ బ్రేకర్ కాగితం ఇటివ్వండి, సంతకం పెడతాను."

ఇంజనీరు బుర్ర గోక్కున్నాడు. ఈ వీధివాళ్ళకి స్పీడ్ బ్రేకర్ వద్దని పైకి రాసి పంపేశాడట. మళ్ళీ కావాలంటే మళ్ళీ మీటింగు పెట్టాలి, అదెప్పుడో ఆయన చెప్పలేడు.

"గుంత మాత్రం రేపే పూడ్చేస్తాం," అన్నాడు బండి ఎక్కుతూ. "దానికి ఎవరి అభిప్రాయమూ అక్కర్లేదు."

ఆయన వెళ్ళాక మామయ్యగారు గడ్డపార పెరట్లో పెట్టడానికి భుజానికెత్తుకున్నారు. నేను ఆయన చేతిలోంచి తీసుకుని, నా మిషను పక్కన గోడకి చేరేశాను.

"ఇక్కడే ఉండనివ్వండి మామయ్యా. రేపు మళ్ళీ కావాలి కదా."