తలుపు మీద ఎర్ర బల్బు

తలుపు మీది ఎర్ర బల్బు వేసి, చెప్పులు బయట విడిచి, బ్రహ్మచారి చీకటిగదిలోకి వెళ్ళాడు. ఆ బల్బు వెలుగుతుంటే ల్యాబు డైరెక్టరైనా సరే, తలుపు తీయకూడదు.

అది అతను ఇదివరకు పనిచేసిన, మోండా మార్కెట్ దగ్గరి ఫోటో స్టూడియో నుంచి తెచ్చుకున్న బల్బు. దాని వెలుగులోనే జీవితమంతా ఫోటోలు కడిగాడు. డిజిటల్ మెషీన్లు వచ్చి స్టూడియో మూతపడింది. ఆ మేడ మీద కంప్యూటర్ కోచింగ్ బోర్డు లేచింది. చీకట్లో తప్ప పని రాని మనిషిని ఎవరు పెట్టుకుంటారు? ఈ ల్యాబులో పరిశోధన చేసే భవాని పెట్టుకుంది. బన్సీలాల్‌పేట్‌లోని ఇంట్లో రోజూ దీపం పెట్టేటప్పుడు దేవుడి తర్వాత ఆమెనే తలుచుకుంటాడు.

భవాని పరిశోధన ఒక వంకాయ రంగు పొడి మీద. దానిలో ఒక్కో అణువూ ఒక బుల్లి అయస్కాంతం. గడ్డకట్టే చలిలో ఆకుపచ్చ వెలుగు తగిలితే దాని బలం మారుతుందా? అది కొలవాలి. చల్లబడేటప్పుడు వేరే వెలుగు సోకితే కొలత పాడు. పొడిని చల్లబరిచే హీలియం ఈ ఒక్కసారికే ఉంది. ప్రాజెక్టు గడువు ఈ వారమే.

పొడి ఉన్న కడ్డీని చల్లని గొట్టంలోకి దించుతున్నాడు. సగం దిగింది. ఛాతీ పట్టేసింది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. నోట్లోంచి మూలుగు వచ్చింది. లైటు స్విచ్చు భుజం పక్కనే ఉంది.

"కాకా, ఏమైంది? తలుపు తియ్యాల్నా?" బయటి నుంచి భవాని.

"తియ్యకు బిడ్డా! జెర గ్యాసు, గంతే."

"పొద్దున బజ్జీలు తిన్నవ్ గద!"

"రెండే తిన్న. నువ్వు సుత మా ఇంటామె లెక్క షురూ జేసినవేందీ?"

కుడి చేత్తోనే కడ్డీ దించి, మూత బిగించి, బయటికొచ్చాడు.

మధ్యాహ్నానికి పొడి చల్లబడింది. భవాని ఆకుపచ్చ వెలుగు పంపింది. కంప్యూటర్ మీద అయస్కాంత బలం చూపే గీత లేచింది. వెలుగు ఆపింది. గీత దిగలేదు.

"కాకా! లైటు బంద్ జేసినా దిగుతలే! రీసెర్చ్ పేపర్ల నీకు థాంక్స్ రాస్తా."

"నాకెందుకు? ఎందుకూ పనికిరావన్న చేతులకు పనిచ్చినవ్. థాంక్స్ నేను జెప్పాలె బిడ్డా."

అప్పుడు చూసింది అతని ముఖం. "గీ చెమటలేంది కాకా? గమ్మున కూసో. ఆటో తెస్తా, దవాఖానకు పోదాం."

పరుగున వెళ్ళి తిరిగొచ్చేసరికి బ్రహ్మచారి స్టూలు మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. పిలిచింది. భుజం పట్టుకుని మళ్ళీ పిలిచింది. ఊపిరి ఆడటం లేదు.

సాయంత్రానికి హీలియం అయిపోయింది. కంప్యూటర్లు ఆపేశారు. బ్రహ్మచారి విడిచిన చెప్పుల మీద ఎర్రటి వెలుగు చిమ్ముతున్న ఆ బల్బును మాత్రం ఎవరూ ఆర్పలేదు.