ప్రెసిడెంటుగారి ముక్కు కింద గీత

అచ్చు పగిలింది. పగిలితే పగిలింది, సరిగ్గా ముక్కు కిందే పగలాలా?

ఎలెమేర్ పతకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చూశాడు. కంచు మీద తన ముఖం. ఎడమవైపు నుంచి, తనే ఏరికోరి ఎంచుకున్న వైపు నుంచి. విశాలమైన నుదురు, ఆలోచనాపరుడి కనుబొమ్మ, చక్రవర్తులకు తీసిపోని ముక్కు. ఆ ముక్కురంధ్రంలోంచి బయలుదేరి, పెదవులు దాటి, గడ్డం దాకా జారిన సన్నటి ఉబ్బెత్తు గీత.

చీమిడి. దానికి మర్యాదైన పేరు ఎంత వెతికినా దొరకలేదు.

బాయా పట్టణంలో పాత బిళ్లలు సేకరించేవాళ్ల సంఘానికి ఆ ఏడు రజతోత్సవం. ఒకప్పుడు దుకాణదారులు, పిండిమరలవాళ్లు, ద్రాక్షతోటల యజమానులు డబ్బుకు బదులు చేతిలో పెట్టిన రాగి, ఇత్తడి బిళ్లలే ఆ సభ్యుల ప్రాణం. హంగరీలో ఇలాంటి సంఘాలు ఊరూరా ఉన్నాయి. పండగొస్తే ప్రతి సంఘమూ ఓ స్మారక పతకం కొట్టించుకుంటుంది. మామూలుగా దానిమీద చర్చి శిఖరమో, ఎప్పుడో పోయిన బిషప్పో ఉంటాడు. ఈసారి బతికున్న ప్రెసిడెంటునే వేద్దామన్నారు. మందులషాపు నడిపి రిటైరైన ఎలెమేర్ "అబ్బే, నాకెందుకండీ" అన్నాడు. ఎవరికీ వినపడకుండా జాగ్రత్తపడి అన్నాడు. మర్నాడే ఫోటో స్టూడియోలో తేలాడు.

బుడాపెస్ట్‌లో ఓ పనివాడు ఉక్కు అచ్చు చెక్కాడు. ప్రెస్సు కింద అది చిట్లింది. మొదట కొట్టినవి శుభ్రంగానే వచ్చాయి. తర్వాత ముక్కు కింద వెంట్రుకంత గీత పుట్టింది. దెబ్బదెబ్బకీ పెరిగింది. ఆ మహానుభావుడు ఆపలేదు. ఆర్డరు పూర్తయ్యేదాకా కొట్టి, పెట్టెలో పోసి పంపేశాడు. బాగా వచ్చిన మొదటివాటిని మాత్రం పొట్లం కట్టి, ప్రెసిడెంటుగారికి బహుమతి అని రాశాడు.

పెట్టె ఆదివారం ఉదయం కల్చరల్ హాలుకు చేరింది. ఎలెమేర్ ఓవర్‌కోటు విప్పేలోపే కార్యదర్శి గేజా అందరికీ పంచేశాడు. హాల్లో ఒక్కసారిగా భూతద్దాలు బయటికొచ్చాయి. తర్వాత దగ్గులు.

"ఎలెమేర్ బాబాయ్," అంది పిరోష్కా. ఆమె బస్సు కండక్టరు. స్నానశాలల బిళ్లలు సేకరిస్తుంది. "ఫోటో దిగిన రోజు జలుబుగానీ చేసిందా?"

"లేదమ్మా. ఏం?"

"అబ్బే, ఊరికే. రుమాలు ఇద్దామని."

"నీది ఇంకా నయం," అన్నాడు గేజా వెనకనుంచి. "నాది చూడు, గడ్డం దాటి కాలరు మీద పడింది. ప్రెసిడెంటుగారి చొక్కా ఎవరు ఉతుకుతారో పాపం!"

హాలు పగలబడి నవ్వింది. ఎలెమేర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు మాత్రం పతకం మీద చెక్కించుకోదగ్గది కాదు.

నవ్వులతో పోయేదైతే భరించేవాడే. కానీ శరదృతువులో దేశంలోని సంఘాలన్నీ బాయాలో కలుస్తున్నాయి. అద్దాలపెట్టెలో ఈ పతకం పెడతారు. ఇక జీవితాంతం, ఏ ఊరి సంతకెళ్లినా, "ఆయనేగా, ఆ ముక్కాయన!" అంటారు. ఇరవై అయిదేళ్లుగా కూడబెట్టిన పరువు ఒక్క చుక్కలో కొట్టుకుపోతుంది.

ఎలెమేర్ పథకం వేశాడు. తన దగ్గర పొట్లం నిండా శుభ్రమైన ముక్కులున్నాయి. ఇంటింటికీ వెళ్లి కారుతున్నవి తీసుకుని, కారనివి ఇస్తాడు. తెచ్చినవన్నీ మూసలో కరిగిస్తాడు. సాక్ష్యం మాయం. ఎంత తేలికో అనుకున్నాడు. తెలివైనవాళ్లు బోల్తాపడేది ఇలాంటి చోటే అని అప్పుడు తోచలేదు.

మొదటి నలుగురు మారుమాట్లాడకుండా మార్చుకున్నారు. ఐదో ఇంట్లో తప్పు చేశాడు. తలుపు తీయగానే పతకంతోబాటు ఓ సీసా పాలింకా కూడా చేతిలో పెట్టాడు. చేపల పులుసులో ముక్కలు కూడా లెక్కపెట్టి వడ్డించే ఎలెమేర్, ఆప్రికాట్ పళ్లతో ఇంట్లో కాచిన సారాను ఊరికే ఇవ్వడమా? ఆ సభ్యుడు సీసా పుచ్చుకున్నాడు. పతకం మాత్రం జేబులో వేసుకుని పిరోష్కా ఇంటికి పరిగెత్తాడు.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది: ప్రెసిడెంటు పగుళ్లవి కూడబెడుతున్నాడు!

వాళ్ల తప్పేం లేదు. ఆ విద్య నేర్పింది ఎలెమేరే. "బాగా ఉన్న బిళ్ల ఊరి జనానికి, పగిలిన అచ్చుది మనకి. పగులే కదండీ దాని కథ చెప్పేది!" అని పిండిమరల బిళ్లల మీద ఉపన్యాసం ఇచ్చి, దేశమంతా చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ చప్పట్లు ఇప్పుడు చెంపల మీద పడుతున్నాయి.

మర్నాడు పిరోష్కా గుమ్మంలోనే నిలబెట్టింది.

"నాది ఇవ్వను బాబాయ్."

"అదేంటమ్మా, శుభ్రమైనది ఇస్తున్నాగా!"

"శుభ్రమైనది ఎవడిక్కావాలి? మీ ద్రాక్షతోట బిళ్లల్లో ఆకు గుర్తుది ఇవ్వండి, ఆలోచిస్తా."

ఇచ్చాడు. ఆకు గుర్తుది పోయింది. ఇంకొకరికి బేకరీ బిళ్ల, మరొకరికి సారాకొట్టు బిళ్ల. ఒక్కో చుక్క తుడవడానికి ఒక్కో ఆణిముత్యం. ఎంత కొంటే అంత అరుదయ్యాయి, ఎంత అరుదైతే అంత గిరాకీ పెరిగింది. తన ముక్కుకు తనే ధర పెంచుకుంటున్న మొదటి మనిషి లోకంలో తనే అయ్యుంటాడని ఎలెమేర్‌కు గట్టి నమ్మకం కలిగింది.

దానికితోడు సంఘం పత్రికలో గేజా వ్యాసం వేశాడు. 'రజతోత్సవ పతకంలో ముక్కు దశలు' అని శీర్షిక. పొడి, తడి, చుక్క, ధార. నాలుగు దశలు, నాలుగు బొమ్మలు. కాలరుదాకా జారిన ధార ఒక్కటే ఉందనీ, అది తన దగ్గరే ఉందనీ చివర్లో వినయంగా రాసుకున్నాడు.

ఎలెమేర్ గేజా ఇంటికి వెళ్లాడు.

"నీకేం కావాలో చెప్పరా."

"తమరికి తెలీదా గురువుగారూ?"

తెలుసు. ఊరి పక్కన పారే షుగోవిత్సా నదిపాయ రేవు బిళ్ల. గుర్రంబండిని పడవ మీద దాటించడానికి రేవువాళ్లు ఇచ్చిన రాగి బిళ్ల, అంచున చిన్న పడవ బొమ్మ. ఇంకొకటి ఉన్నట్టు ఎవరూ వినలేదు. జ్వరమొచ్చినా దాన్ని అరచేతిలో పెట్టుకుంటే తగ్గేది ఎలెమేర్‌కు, మందులషాపువాడై ఉండి కూడా.

ఇంటికొచ్చి ట్రే తెరిచాడు. భార్య ఎతెల్కా సేమియా ఉడకబెడుతూ తొంగిచూసింది.

"ఇచ్చేస్తావా ఏంటి?"

"పరువు కదే."

"పెళ్లైన దగ్గర్నుంచీ ఆ ముక్కుతోనే కాపురం చేస్తున్నా. చలికాలం వస్తే అది నిజంగానే కారుతుంది. నేనెవరికైనా చెప్పానా?"

"నువ్వు చెప్పలేదు. కంచు చెబుతోంది!"

ఇచ్చేశాడు. గేజా దాన్ని పట్టుగుడ్డలో చుడుతుంటే గోడగడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు.

సమావేశం ముందురోజు మధ్యాహ్నం సంచి భుజాన వేసుకుని, ఇత్తడి కుళాయిలు పోతపోసే దెజో కొలిమికి వెళ్లాడు. మూస ఎర్రగా ఉడుకుతోంది.

"పొయ్యనా?" అన్నాడు దెజో.

"ఒక్క నిమిషం. ఆఖరిసారి చూసుకోనీ."

అదో అలవాటు. ఉరితీసేవాడు తాడు చూసినట్టు ఒక్కోటి భూతద్దం కింద పెట్టాడు. ముందు తడి. తడి తర్వాత చుక్క. చుక్క తర్వాత... చెయ్యి ఆగిపోయింది. ఈ పతకంలో గీత పెదవి దగ్గర రెండుగా చీలింది. ఒకటి గడ్డంవైపు దిగుతోంది, రెండోది నోటి మూలకు వంగి అక్కడే ఆగిపోయింది. ఇంకోటి తీశాడు. అందులోనూ చీలిక. గేజా దగ్గర కొన్న ధారలో కూడా, కళ్లు చిట్లించి చూస్తే, ఆ వంకర కొమ్మ ఉంది. గేజా ఇన్నాళ్లూ దాన్ని చూడనే లేదు!

చుక్కకీ ధారకీ మధ్య ఇంకో దశ ఉందన్నమాట. వ్యాసం తప్పు!

ఎలెమేర్ గుండె దడదడలాడింది. రేవు బిళ్ల దొరికిన రోజున కూడా ఇంత దడ లేదు.

"పొయ్యనా వద్దా?" అని అరిచాడు దెజో. "బొగ్గు నీ అబ్బ సొమ్మా?"

"వద్దు! ముట్టుకున్నావంటే చంపేస్తా!"

"నీ ముక్కేగా నాయనా. నువ్వే కదా కరిగించమన్నావు."

"నా ముక్కని కాదురా. ఐదో దశ!"

దెజో మూస మూత వేసి, మనిషికి ఎండ దెబ్బ తగిలిందేమోనని కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు.

మర్నాడు కల్చరల్ హాలు కిటకిటలాడింది. గేజా బల్లమీద, పట్టుగుడ్డ నడుమ, రేవు బిళ్ల మెరుస్తోంది. ఎలెమేర్ రెండుసార్లు అటు చూశాడు. చూడడం మానేసి తన బల్లమీద ముక్కులన్నీ వరసగా పేర్చాడు. పొడినుంచి ధార దాకా, ఒక్కటీ దాచకుండా. మధ్యలో చీలినవాటికి ప్రత్యేకంగా ఎర్ర మఖ్‌మల్ పరిచాడు.

"కార్యదర్శిగారి వ్యాసంలో ఘోరమైన పొరపాటు ఉంది," అన్నాడు హాలు మారుమోగేలా.

గేజా ముఖం ఎర్రబడింది. "ఎక్కడ? గీత ఒక్కటే! సూటిగా దిగింది!"

"చీలింది!"

"అది గీత కాదు, మురికి!"

"నా పెదవి సంగతి నాకు తెలీదట్రా?"

జనం మూగారు. భూతద్దాలు చేతులు మారాయి. దెబ్రెత్సెన్ నుంచి వచ్చిన పెద్దమనిషి, పగిలిన అచ్చుల విషయంలో దేశంలోకెల్లా గట్టివాడు, నొసలు చిట్లించాడు.

"మన్నించండి, నాకు సరిగా పట్టుబడట్లేదు. పెదవి మీద చీలిందంటారా, పెదవి కింద చీలిందంటారా?"

ఎలెమేర్ మాటల్లో చెప్పబోయాడు. చాల్లేదు. కాగితం మీద గీయబోయాడు. అదీ రాలేదు. చివరికి పిరోష్కా చేతిలోంచి, తడిపితే ఊదారంగు పడే కాపీయింగ్ పెన్సిల్ లాక్కున్నాడు. కిటికీవైపు ఎడమచెంప తిప్పాడు. పెన్సిల్ మొన నాలుకమీద తడుపుకుని, తన సొంత ముక్కు కిందనుంచి ఊదారంగు గీత లాగాడు. పెదవి దగ్గరికి రాగానే రెండుగా చీల్చాడు.

"ఇక్కడ!"

హాలు మొత్తం వరస కట్టింది. ఒక్కొక్కరే వచ్చి భూతద్దం పెట్టి ఆయన ముఖాన్ని పరీక్షించసాగారు. కొందరు తల ఊపారు, కొందరు పుస్తకాల్లో రాసుకున్నారు. మూలన గేజా పత్రిక చుట్టచుట్టి నలుపుతున్నాడు.

దెబ్రెత్సెన్ పెద్దమనిషి రెండోసారి వరసలోకి వచ్చాడు.

"కొంచెం తల పైకెత్తండి ప్రెసిడెంటుగారూ. కొమ్మ చివర నీడ పడుతోంది."

ఎలెమేర్ ఎత్తాడు.