పన్ను పడకముందే

తూటాల మీద పన్ను వేస్తారన్న కబురు పుట్టిన దగ్గర్నుంచీ అక్క షాపులో నిలబడటానికి చోటు లేదు. తండ్రి పోయాక పదహారేళ్ళుగా ఆ తుపాకుల షాపు ఆవిడే నడుపుతోంది. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అక్కే. పొలాల మీద అడవిపందులు పడి గోల పెట్టేవాళ్ళు, ఆదివారాలు మైదానంలో గురి చూసుకునేవాళ్ళు, ఒంటరిగా ఉంటూ చీకటి పడితే భయపడేవాళ్ళు, ఎవరు గుమ్మం ఎక్కినా వాళ్ళు నోరు తెరవకముందే కావలసిన పెట్టె అరలోంచి తీసి కౌంటరు మీద పెట్టేది.

కౌన్సిలు వాళ్ళు అనుకున్నది ఇదీ: తూటాల పెట్టె ధరలో ఐదో వంతు పన్ను, ఇంట్లో ఉన్న ఒక్కో తుపాకీకి ఏటా రుసుము. వచ్చిన సొమ్ము ఆసుపత్రిలో గాయాల వార్డుకి. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి హాల్లో అందరి ముందూ చర్చ, ఆ వెంటనే ఓటు. మాట్లాడదలచుకున్నవాళ్ళకి తలా మూడు నిమిషాలు.

అక్క పేరిచ్చింది. ఆవిడ నంబరు పద్నాలుగు. జాబితాలో పదమూడో పేరు చూసేసరికి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. అది సొంత చెల్లెలిది.

చెల్లెలు ఆ గాయాల వార్డులోనే నర్సు. షాపు పై అంతస్తులోనే కాపురం. ఆ జాబితా అంటించిన రోజు మెట్ల మీద ఇద్దరూ ఎదురుపడ్డారు.

"నాన్న షాపు మూయించడానికి ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా? నువ్వే కావలసొచ్చిందా?" అంది అక్క.

"మూయమని ఎవరన్నారే? నేను మా వార్డు సంగతి చెప్తాను. నువ్వు నీ షాపు సంగతి చెప్పు."

"నా ఉప్పు తిని పెరిగి..."

"నాన్న ఉప్పు," అని సరిచేసి, చెల్లెలు పైకి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి పదకొండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. చెల్లెలి అడుగుల చప్పుడు నెత్తిమీద వినపడుతూనే ఉండేది. అది వినపడినప్పుడల్లా అక్కకి తిన్నది ఒంటబట్టేది కాదు.

శుక్రవారం పొద్దున షాపులో ఇసుక వేస్తే రాలనంత జనం. పన్ను పడకముందే కొనిపెట్టుకుందామని పెట్టెలకి పెట్టెలు ఎత్తుకుపోతున్నారు. మీసాల మేస్త్రీ కౌంటరు మీద మోచేతులు ఆనించి ఒకటే రంకెలు.

"ఇవాళ తూటాకి పన్నంటారు, రేపు గురి చూసినందుకూ పన్నంటారు! అక్కా, నువ్వు గట్టిగా అడిగెయ్, మేమందరం వెనకాల ఉంటాం."

"అడుగుతానులే, ముందు ఆ మోచెయ్యి తియ్యి, అద్దం పగిలితే దాని మీద కూడా పన్ను కట్టాలి," అంది అక్క. అందరూ నవ్వారు. ఆవిడ మనసు మాత్రం చేతిసంచిలో ఉన్న కాగితం మీదే ఉంది. మాట్లాడవలసింది అందులో రాసుకుంది.

ఆ సందట్లోనే సర్వేయరు గారు వచ్చారు. రిటైరై చాలా కాలమైంది. ఆయనా ఆయన భార్యా కలిసి మైదానానికి వచ్చేవారు, గురి ఆవిడదే బాగుండేది. ఆవిడ పోయి ఏడు నెలలు. ఆయన పక్కకి నిలబడి తన వంతు వచ్చేదాకా ఎవరితోనూ ఒక్క మాట కలపలేదు.

"అమ్మా, విడిగా రెండు తూటాలు ఇవ్వవచ్చా?"

"విడిగా అమ్మకూడదండీ. సీలు వేసిన పెట్టెలే."

"మిగతావి వృథా కదా," అన్నారాయన. ఓ క్షణం ఆలోచించి, "సరే, ఇవ్వమ్మా," అన్నారు. ధర అడగలేదు. సంచిలోంచి బట్టలో చుట్టిన, తుపాకీ గొట్టం తుడిచే కడ్డీ తీసి కౌంటరు మీద పెట్టారు. "మీ నాన్నగారు నాకు వాడుకోమని ఇచ్చారు. ఎప్పటిదో. ఇంట్లో అన్నీ సర్దుతుంటే కనిపించింది."

"దానికేమండీ, ఉంచుకోవలసింది," అంటూనే అక్క వెనకవాడికి పెట్టె అందించింది. మళ్ళీ చూసేసరికి ఆయన లేరు.

హాలు మూడింటికే నిండిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నా అందరి వీపులూ తడిసే ఉన్నాయి. కుడివైపు పన్ను కావాలనేవాళ్ళు, ఎడమవైపు వద్దనేవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే పెళ్ళివారి పక్షాల్లా విడిపోయి కూర్చున్నారు. వేదిక మీద అధ్యక్షురాలు గంట దగ్గర చెయ్యి పెట్టుకుని ఉంది. మూడు నిమిషాలు దాటితే గంట కొట్టేస్తుంది.

ఒకాయన లెక్కలు చదివాడు. ఒకావిడ తన కొడుకు ఫోటో పైకెత్తి ఏమీ మాట్లాడకుండానే కూర్చుంది. మేస్త్రీ తన వంతు వచ్చినప్పుడు, పందులు పంట మేస్తుంటే పన్ను రసీదు చూపిస్తే పారిపోతాయా అని అడిగాడు. ఎడమవైపు చప్పట్లు మోగాయి. అక్క కూడా కొట్టింది.

పదమూడో నంబరు పిలిచారు. చెల్లెలు యూనిఫారంలోనే వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాగితం కూడా లేదు.

"మా వార్డుకి వచ్చేవాళ్ళని దొంగలు కాల్చారనుకుంటారు మీరంతా," అంది. "ఎక్కువమంది తమను తామే కాల్చుకున్నవాళ్ళు. బతికినవాళ్ళని అడిగాను నేను. చాలామంది చెప్పేది ఒకటే, ఆ ఒక్క గంట గడిచి ఉంటే చేసేవాడిని కాను అని. వాళ్ళు ముందే ఏదో ఒకటి చెప్తారు. ఉన్న వస్తువులు ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తారు. ఇల్లు సర్దుతారు. ఇకమీదట నాకెందుకులే అన్నట్టు మాట్లాడతారు. మనం పనుల్లో ఉండి వినం. పన్ను వేస్తే వాళ్ళంతా ఆగిపోతారని నేననను. ఆ డబ్బుతో రాత్రీ పగలూ ఫోనెత్తే మనిషిని ఒకరిని పెట్టండి చాలు..."

గంట మోగింది.

అక్కకి ఆ గంట వినపడలేదు. పొద్దున సర్వేయరు గారన్న మాటలు చెవిలో మోగాయి. మిగతావి వృథా కదా. ఇంట్లో అన్నీ సర్దుతుంటే. గొట్టం తుడవవలసిన అవసరం ఇక లేనివాడు కొత్తగా తూటాలు ఎందుకు కొంటాడు?

"పద్నాలుగు," అన్నారు.

లేచింది. మైకు దగ్గరకి ఎలా నడిచిందో తెలియదు. కాగితం విప్పింది. అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. ఎడమవైపు నుంచి, "కానియ్ అక్కా!" అని మేస్త్రీ కేక.

"నేను..." అంది. కాగితం మడిచేసింది. "నేను వెళ్ళాలి. క్షమించండి."

వెనక గుసగుసలు, ఎవరిదో వెక్కిరింపు నవ్వు. అక్క నడవలోకి వచ్చింది. ఫోను తీసి సర్వేయరు గారి ఇంటికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అదే తంతు.

"ఏమైందే?" వెనకే చెల్లెలు.

పదకొండు రోజుల మౌనం ఎటు పోయిందో, అక్క ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "పొద్దున నేనే అమ్మాను. నా చేత్తో నేనే ఇచ్చాను. సర్వేయరు గారికి. నువ్వు చెప్పినవన్నీ ఆయన నాతో చెప్పారు, నేను వినలేదు."

చెల్లెలు చెయ్యి చాపింది. "కారు తాళాలు ఇటివ్వు. నువ్వు నడిపితే ఇద్దరం వార్డులో తేలతాం."

దారిలో ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని చెల్లెలు ఆసుపత్రికి ఫోను చేసి మనోవైద్యుల విభాగం వాళ్ళని ఆ చిరునామాకి రమ్మంది. ప్రతి కూడలిలోనూ ఎర్రలైటే పడింది.

"ఆ తూటాల్లో లోపముంది, వెనక్కి ఇవ్వమని కంపెనీ వాళ్ళు చెప్పారని అంటాను," అంది అక్క. "తుపాకీ కూడా చూడాలంటాను."

"అబద్ధాలు వద్దు. సూటిగా అడగాలి."

"చావాలనుకుంటున్నారా అని ఎలా అడుగుతామే? ఆ ఉద్దేశం లేకపోతే కొత్తగా పుట్టించినట్టు కాదూ?"

"కాదు. అడిగితే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. లేదంటే నన్ను నాలుగు తిడతారు, పడతాను."

నాలుగున్నర కావస్తుండగా ఆ ఇంటి ముందు ఆగారు. గేటుకి కొత్తగా రంగు వేసి ఉంది. బెల్లు కొట్టారు. లోపల అలికిడి లేదు. అక్క తలుపు మీద అరచేత్తో బాదింది. ఒకటి, రెండు, మూడు.

గడియ తీసిన చప్పుడైంది.

సర్వేయరు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఉన్నారు. "అమ్మా, నువ్వా? చర్చకి వెళ్ళలేదూ?"

గదిలోకి అడుగుపెడుతూనే అక్క కుట్టుమిషను చూసింది. దాని మీద చిన్న కాగితం అంటించి ఉంది. గుండ్రటి చేతిరాతతో 'పక్కింటి అమ్మాయికి' అని. గోడ గడియారం మీద ఒకటి, పుస్తకాల బీరువా మీద ఒకటి, కుర్చీలకి తలా ఒకటి. పొలాల హద్దులు గీసినంత శ్రద్ధగా రాశారు. అక్క తయారు చేసుకున్న అబద్ధం నోట్లోనే ఎండిపోయింది.

చెల్లెలు కుర్చీ లాగి ఆయన ఎదురుగా కూర్చుంది. "బాబాయ్ గారూ, ఒకటి అడుగుతాను, కోప్పడకండి. చనిపోదామనుకుంటున్నారా?"

ఆయన ఆమె యూనిఫారం వంక చూశారు. "టీ పెట్టనా?" అన్నారు.

"తర్వాత తాగుదాం. చెప్పండి."

ఆయన వంటింటి వైపు చూశారు. "పొద్దున లేవగానే రెండు కప్పులు తీస్తున్నానమ్మా. ఏడు నెలల నుంచీ. ఒకటి మళ్ళీ లోపల పెట్టేస్తున్నాను. ఇంక పెట్టలేను."

ఆయన ఏడుస్తుంటే చెల్లెలు ఆయన మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది, ఆపమనలేదు. అక్క తలుపు దగ్గరే నిలబడింది. ఆవిడ కళ్ళు గదంతా వెతుకుతున్నాయి. ఆయనే చెయ్యెత్తి బల్ల సొరుగు చూపించారు.

తుపాకీ ఖాళీ చేయడం అక్కకి పదహారేళ్ళ అలవాటు. సొరుగులోంచి తీసి, విప్పి ఖాళీ చేసింది. అయినా ఒకటికి రెండుసార్లు చూసుకుని, తుపాకీ ఒక సంచిలో, పెట్టె ఇంకో సంచిలో పెట్టింది.

"నా దగ్గర ఉంచుతానండీ," అంది.

"మళ్ళీ అడిగితే ఇస్తావా?"

"ఇవ్వను," అంది అక్క.

ఆయన తలూపారు. కోపం రాలేదు. ఆసుపత్రి బండి వచ్చినప్పుడు తనే చెప్పులు వేసుకుని, గ్యాసు కట్టేశానో లేదో చూడమని చెప్పి ఎక్కారు. చెల్లెలు ఆయన పక్కన కూర్చుంది.

పన్ను ఒక్క ఓటు తేడాతో పాసయిందని మేస్త్రీ ఫోను చేసి చెప్పాడు. "నువ్వు మాట్లాడి ఉంటే ఆ ఒక్కటీ మనకి పడేది. నడివీధిలో వదిలేసి పోయావు," అన్నాడు. ఎందుకు వెళ్ళిందో ఆవిడ చెప్పలేదు. అది ఇంకొకరి ఇంటి సంగతి. మేస్త్రీతో పాటు ఇంకొంతమంది షాపుకి రావడం మానేశారు.

సర్వేయరు గారు నెల రోజులు ఆసుపత్రిలో ఉండి, తమ్ముడి ఇంటికి వెళ్ళారు. పూర్తిగా బాగయిందని చెల్లెలు అనలేదు. తింటున్నారు, నిద్రపోతున్నారు అంది.

అక్కాచెల్లెళ్ళకి మాటలు కలిశాయి గానీ వాదన తెగలేదు. "ఆయన ధర కూడా అడగలేదే. నీ పన్ను రెట్టింపు ఉన్నా కట్టేవారు," అంటుంది అక్క. "పన్ను ఆపకపోతే నువ్వు ఆపు," అంటుంది చెల్లెలు. ఫోనెత్తడానికి పన్ను డబ్బుతో మనిషిని పెట్టారు. ఆ నంబరు కాగితం అక్కే స్వయంగా కౌంటరు అద్దం కింద పెట్టింది.

ఇప్పుడు ఎవరొచ్చినా ఆవిడ చేతులు వెంటనే అర వైపు పోవు. ముందు మొహం చూస్తుంది. ఇంట్లో అంతా కులాసానా అని అడుగుతుంది. కొందరు చెప్తారు, కొందరు నీకెందుకంటారు. మొన్న ఒకావిడ వచ్చింది. కొత్త మనిషి, లైసెన్సు కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నిద్ర లేని కళ్ళు.

"ఒంట్లో బాగుందా అమ్మా?" అడిగింది అక్క.

"చంటిదానికి పళ్ళు వస్తున్నాయి, రాత్రంతా ఒకటే ఏడుపు," అని నవ్విందావిడ.

నిజమే అయి ఉండాలి. అక్క పెట్టె ఇచ్చింది. అయినా కాలు నిలవక గుమ్మంలోకి వచ్చి, ఆవిడ కారు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా చూస్తూ నిలబడింది.